తప్పిన పరీక్ష, తప్పని పిలుపు

గ్లాడిస్ ఐల్వర్డ్‌ను చైనా మిషనరీగా మనమెరుగుదుం. ఆమె పరీక్షలో నెగ్గలేదన్న సంగతి మాత్రం మరిచిపోతుంటాం.

1902లో లండన్‌లో ఒక పోస్ట్‌మ్యాన్ ఇంట పుట్టిన ఆమె, చిన్నతనంలోనే బడి మాని, పెద్దల ఇళ్లలో పనిమనిషిగా బతికింది. చైనాలో దేవుని సేవ చేయాలన్న తపనతో చైనా ఇన్‌లాండ్ మిషన్ శిక్షణలో చేరింది. మూడు నెలలు గడిచాయి. ఆమె చదువు చాలదని, ఆ వయసులో చైనా భాష పట్టుబడదని కమిటీ తిప్పి పంపింది.

ఆమె మళ్లీ ఇంటిపనికే వెళ్లింది. జీతంలో కొంచెం కొంచెం కూడబెట్టి, 1932లో రైలు టికెట్ కొనుక్కుని, సైబీరియా మీదుగా చైనా చేరింది. యాంగ్‌చెంగ్‌లో వృద్ధ మిషనరీ జీనీ లాసన్‌తో కలిసి, కంచరగాడిదలు తోలేవారికి సత్రం నడుపుతూ, రాత్రిళ్లు వారికి బైబిలు కథలు చెప్పింది. రాదన్న భాషను ఆ జనం మధ్యే నేర్చుకుంది. 1940లో యుద్ధం ముంచుకొస్తే, సుమారు వందమంది పిల్లలను కొండలు దాటించి కాపాడింది.

కమిటీ మూడు నెలల చదువునే తూచింది. ఆమెకందిన పిలుపు ఆ తూకానికి అందలేదు. మార్కులు తగ్గి తలదించుకున్న బిడ్డ మన ఇంట ఉంటే, పక్కింటివారితో పోల్చక ముందు అక్కున చేర్చుకుందాం. ఏ కాలేజీ అన్నది రేపు మాట్లాడుకుందాం.