కార్మెన్ కర్త జార్జి బిజే

పాశ్చాత్య సంగీతముతో పరిచయము లేనివారి చెవిని సైతము "కార్మెన్" గీతము ఏదో ఒక దినమున రేడియోలోనో చలనచిత్రములోనో పడియుండును. ప్రపంచమున మిక్కిలి తరచుగా ప్రదర్శింపబడు ఆపెరాలలో, అనగా గేయనాటకములలో, అది యొకటి. దానిని రచించిన జార్జి బిజే మాత్రము ఆ కీర్తిని చూడలేదు. తన కృతి ఓడిపోయినదను తలంపుతోనే ఆతడు ముప్పదియారేండ్ల ప్రాయమున కన్ను మూసెను.

బిజే 1838 అక్టోబరు 25వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి అడాల్ఫ్ తొలుత క్షురకవృత్తిలోనుండి, పిదప గానము నేర్పు గురువయ్యెను. తల్లి ఎమే పియానో వాద్యమున నేర్పరి. బాలుని ప్రతిభను చూచి పారిస్ సంగీత విద్యాలయమువారు పదియేండ్లు నిండకమునుపే ఆతనిని చేర్చుకొనిరి. పదునేడవయేట ఆతడొక సింఫనీ వ్రాసి, దానిని తన జీవితకాలమున ఎన్నడును వినిపింపలేదు. అది 1935లో స్విట్జర్లాండు దేశపు బాసెల్ నగరమున మొదటిసారి వాయింపబడెను. ఇట్టి రచనను పిల్లవాని అభ్యాసమని మూలనుంచుట ఆతని స్వభావమును తెలుపును. తన పనిని తానే శంకించు గుణము ఆతనిని తుదివరకు విడువలేదు.

1857లో ఆతనికి రోమ్ బహుమానము లభించెను. ఇది ఫ్రెంచి ప్రభుత్వము 1968 వరకు యువకళాకారులకిచ్చుచుండిన వేతనము. దానిని పొందినవారు రోమ్ నగరమున మెడిచి భవనమున నివసించుచు, ఏటేట ఒక రచనను పారిస్ అకాడమీ పరిశీలనకు పంపవలసియుండెను. మొదటియేట పంపునది మతసంబంధమైన కృతిగా నుండవలెనని నియమముండెను. బిజే హాస్యరసముతో నిండిన ఇటాలియన్ గేయనాటకమొకటి పంపెను! పెద్దలు రచనను మెచ్చుకొనుచునే, నియమమును మీరినందులకు మందలించిరి. ప్రభుత్వ కార్యాలయముల పద్ధతి యెరిగినవారికి ఈ నివేదిక వింతగా తోచదు.

రోమ్ నుండి ఆతడు తల్లికి విరివిగా ఉత్తరములు వ్రాసెను. తినిన భోజనము, చేసిన వ్యయము, చూచిన చిత్రములు, మొదలిడి విడిచిన రచనలు, రేపటి ఆశలు అన్నియు వానియందు కలవు. తిరుగు ప్రయాణమున నుండగా తల్లి జబ్బుపడినదను వార్త అందెను. ఆతడు త్వరపడి ఇల్లు చేరెను. ఒక యేడు గడచునంతలో, 1861 సెప్టెంబరులో, ఆమె మరణించెను. అంత తెరపియైన మనస్సుతో ఆతడు మరెవ్వరికిని వ్రాసినట్లు తోచదు.

1863 సెప్టెంబరు 30వ తేదీన "ముత్యపు జాలరులు" అను గేయనాటకము ప్రదర్శింపబడెను. కథారంగము సింహళ ద్వీపము. రచయితలు మొదట మెక్సికో దేశము ననుకొని, పిదప కథను ఇటు మరలించిరి. అందలి జనులు బ్రహ్మదేవునికి మ్రొక్కుదురు. బ్రహ్మకు మన దేశమున గుడులెంత అరుదో పారిస్ కవులకు తెలిసినట్లు లేదు. అయినను ఇద్దరు మిత్రులు కలసి పాడు యుగళగీతము నేటికిని శ్రోతలను కరగించును. పత్రికలలో పెక్కు దానిని తూలనాడెను. సంగీతకర్త బెర్లియోజ్ ఒక్కడు ప్రశంసించెను. పదునెనిమిది ప్రదర్శనలతో అది నిలిచిపోయెను.

ఆపై బ్రతుకుతెరువు కష్టమయ్యెను. ప్రచురణకర్తలకై పరుల గేయనాటకములను పియానోకు కుదించుట, అచ్చుప్రతులు దిద్దుట, పాఠములు చెప్పుట, ఇట్టి పనులతో దినమునకు పదునైదు పదునారు గంటలు గడచుచున్నవని ఆతడు ఎడ్మన్ గలబేర్ అను యువకునికి వ్రాసెను. ఈ గలబేర్ దక్షిణ ఫ్రాన్సువాడు. ఆతడు అభ్యాసములు వ్రాసి తపాలాలో పంపగా, బిజే దిద్ది తిప్పిపంపువాడు. కార్కసోన్ పట్టణమునందలి పాల్ లకోంబ్ కూడ ఇట్లే శిష్యుడయ్యెను. తన రచనకు వేళ చాలని మనుజుడు పరుని స్వరములను ఒక్కొక్కటిగా దిద్ది కారణములు వివరించుట సామాన్యము కాదు.

1869 జూన్ 3న బిజే తన గురువైన హలేవీ కుమార్తె జెన్వియేవ్‌ను వివాహమాడెను. మరుసటియేడు జర్మనులతో యుద్ధము వచ్చెను. ఆతడు పౌరసేనలో చేరి, తమకిచ్చిన పాత తుపాకులు శత్రువునకన్న తమకే ప్రమాదకరములని పరిహసించెను. పారిస్ ముట్టడి ముగిసిన వెంటనే దంపతులు బోర్డో నగరముననున్న అత్తగారిని చూడబోయిరి. ఆమె మానసికవ్యాధితో బాధపడుచుండెను. తల్లిని చూచినంతనే జెన్వియేవ్ ఆరోగ్యము తలక్రిందులయ్యెను. అటుపిమ్మట తల్లీకూతుళ్లను ఎడముగా నుంచు భారము అల్లునిపై పడెను. 1871లో పారిస్ కమ్యూన్ తిరుగుబాటు నాటి ఫిరంగుల మ్రోత వినబడుచుండగా, ఆతడు వెలుపలి గ్రామమునుండి ఆమెకు లేఖలు వ్రాసెను. కూతురు రాదని చెప్పవలెను. ఆ మాట తల్లి మనస్సును గాయపరచరాదు. బిజే లేఖలన్నిటిలో కష్టమైనవి ఇవియే.

"కార్మెన్" ప్రదర్శించిన ఒపేరా కోమిక్ నాటకశాల సంసారపక్షపు కుటుంబములు పెళ్లిచూపులు జరుపుకొను చోటు. వేదికపై నాయిక హత్యకు గురియగునని విని భయపడిన ఇరువురు నిర్వాహకులలో ఒకడు 1874లో పదవినే వదలుకొనెను. గాయకురాండ్రు పొగత్రాగుచు నటించుట మావల్ల కాదనిరి. నాయిక పాత్రధారిణి గల్లీ మారీ మాత్రము బిజే పక్షమున గట్టిగా నిలిచెను. ఆమె ప్రవేశగీతమునకై ఆతడు జానపదమని భ్రమించి ఒక స్పానిష్ రాగమును తీసికొని, అది యిరాడియే అను సంగీతకర్తదని తెలిసినంతనే అచ్చుప్రతిలో ఆ సంగతి ప్రకటించెను.

1875 మార్చి 3వ తేదీన తొలి ప్రదర్శన జరిగెను. మొదటి అంకమునకు చప్పట్లు మ్రోగెను. తుది అంకమునకు సభ చల్లబడెను. పత్రికలు నీతిబాహ్యమని నిందించెను. ఆటలు సాగుచునే యుండెను గాని ఆసనములు నిండలేదు. చిరకాలముగా కంఠవ్యాధితో బాధపడుచున్న బిజే విశ్రాంతికై బూజివాల్ గ్రామము చేరెను. అచ్చట సేన్ నదిలో ఈదిన పిమ్మట జబ్బు ముదిరి, గుండెపోటుతో జూన్ 3న, తన పెండ్లినాడే, మరణించెను. అంత్యక్రియలకు నాలుగువేల మందికి పైగా వచ్చిరి.

అదే యేడు అక్టోబరులో వియన్నా నగరము "కార్మెన్"ను నెత్తికెత్తుకొనెను. మిత్రుడు గిరో సంభాషణలకు సంగీతము కూర్చెను. పారిస్ నాటకశాల 1883లో గాని దానిని మరల చేపట్టలేదు. 1904 నాటికి అచ్చటనే వేయి ప్రదర్శనలు పూర్తియయ్యెను. రోమ్ నుండి తల్లికి వ్రాసిన ఉత్తరములును, కమ్యూన్ నాటివియును 1908లో అచ్చయ్యెను. మరుసటియేడు గలబేర్ తాను దాచుకొనిన గురువుగారి లేఖలను ఒక పుస్తకముగా ప్రకటించెను.