ఆడయార్‌లో పన్నెండు మంచాలు

రొమ్ములో గడ్డ తీసేశారు, కుట్లు మానాయి, కీమో కూడా అయిపోయింది. ఇక రేడియేషన్ మొదలుపెడదామని డాక్టర్ చెప్పారు. మన పల్లెల్లో దీన్నే కరెంటు పెట్టడం అంటారు. ఆ మాట వినగానే సగం ధైర్యం జారిపోతుంది. మీది నారాయణఖేడ్ దగ్గరి బోరంచ అనుకోండి. హైదరాబాద్ నూరు కిలోమీటర్ల పైమాటే. రోజూ కొన్ని నిమిషాల చికిత్స కోసం మూడు వారాలో, ఐదు వారాలో ఇల్లు వదిలి ఉండాలి. గడ్డ ఎలాగూ తీసేశారు, నల్లపోచమ్మ తల్లి దయవల్ల బాగానే ఉంది, పత్తి ఏరడం అయ్యాక చూద్దాంలే అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. చాలాసార్లు ఆ మాట అనేది పేషెంటే.

అలా వాయిదా వేసే ముందు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గురించి తెలుసుకోండి. పాఠ్యపుస్తకాల్లో మీరు ఆమెను దేవదాసీ వ్యవస్థపై పోరాడిన మహిళగా చదివే ఉంటారు. ఆమె జీవితంలో ఇంకో పోరాటం ఉంది. అది ఇంతకంటే ఎక్కువ కాలం సాగింది.

1886లో పుదుక్కోట సంస్థానంలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కాలేజీ ప్రిన్సిపల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబానికి చెందినవారు. అందుకే చిన్నప్పటి నుంచీ లోకం ఆ పిల్లను ఒక కంట కనిపెడుతూనే ఉంది. మగపిల్లల కాలేజీలో ఆమెను చేర్చుకోవద్దని కొందరు గట్టిగా అడ్డుపడ్డారు. మహారాజు వారి మాట వినకుండా సీటిప్పించారు. 1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి, 1912లో పట్టా పుచ్చుకున్నారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని పెళ్లాడారు. తనను సమానంగా చూడాలని, తన పనికి అడ్డు రాకూడదని ముందే షరతు పెట్టి మరీ చేసుకున్నారు. ఆ రోజుల్లో ఎంత మంది అలా అడగగలిగేవారు?

ఆమెకు సుందరమ్మాళ్ అని ఓ చెల్లెలు. ఆమెకు పేగు చివర క్యాన్సర్ వచ్చింది. మొదట అది క్యాన్సర్ అని ఎవరికీ తోచలేదు. విరేచనాల జబ్బు అనుకుని మందులిచ్చారు. అసలు రోగం తేలేసరికి చేయి దాటిపోయింది. 1923లో, అక్క చూస్తుండగానే, ఆమె పోయింది. ఇంట్లో డాక్టర్లుండి కూడా కాపాడుకోలేకపోయిన ఆ బాధ ముత్తులక్ష్మిని చివరిదాకా వదల్లేదు.

రెండేళ్ల తర్వాత స్త్రీల, పిల్లల వైద్యంలో శిక్షణకు లండన్ వెళ్లారు. అక్కడి రాయల్ క్యాన్సర్ హాస్పిటల్‌ను చూశారు. తొందరగా గుర్తిస్తే, కోతతోనో కిరణాలతోనో ఈ జబ్బును అదుపు చేయవచ్చని అక్కడ కళ్లారా తెలిసింది. మద్రాసులో కూడా ఇలాంటి ఆసుపత్రి కట్టాలని అప్పుడే నిశ్చయించుకున్నారు.

అయితే తిరిగొచ్చాక రాజకీయం పిలిచింది. 1927లో మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షురాలయ్యారు. దేవదాసీ బిల్లు, బాల్య వివాహాలు, దిక్కులేని ఆడపిల్లల కోసం అవ్వై హోమ్... ఇవన్నీ మీకు ఎక్కడైనా దొరుకుతాయి. క్యాన్సర్ ఆసుపత్రి మాట మాత్రం ఆమె మరవలేదు. 1935లో మెడికల్ కాలేజీ శతాబ్ది సభలో దాన్ని అందరి ముందూ పెట్టారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ప్రభుత్వం చుట్టూ తిరిగారు. క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎలాగూ చనిపోతారు, వాళ్లకు వేరే ఆసుపత్రి దండగ అన్న జవాబే పెద్దల దగ్గర దొరికింది. మన ఇళ్లలో నేటికీ వినిపించే మాటే అది, కాకపోతే అప్పట్లో సర్కారు అన్నది.

1949లో మహిళా సంఘం తరఫున నిధి మొదలుపెట్టి, ఇంటింటి నుంచి చందాలు కూడబెట్టారు. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 జూన్‌లో మద్రాసు ఆడయార్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరుచుకుంది. కొన్ని పాకలు, పన్నెండు మంచాలు. దక్షిణాదిలో క్యాన్సర్‌కంటూ అదే మొదటి ఆసుపత్రి. చెల్లెలు పోయి అప్పటికి 31 ఏళ్లు. ముత్తులక్ష్మికి 67. వైద్యం బాధ్యత కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి తీసుకున్నారు. మరుసటి ఏడాది డాక్టర్ శాంత వచ్చి చేరారు. 2021లో చనిపోయేదాకా ఆమె ఆ ఆసుపత్రిని వదల్లేదు.

1950ల రెండో భాగంలోనే అక్కడికి కోబాల్ట్ యంత్రం వచ్చింది. దేశంలోని తొలి కోబాల్ట్ యంత్రాల్లో అదొకటి. లోతైన కణితుల దాకా కిరణాలు వెళ్లాలంటే అప్పుడు అదే దారి. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు నేటికీ ఆడయార్ వెళ్తూనే ఉన్నారు. హైదరాబాద్‌కు ఆ భాగ్యం ఎక్కువ ఆలస్యం కాలేదు. 1955లోనే మెహదీ నవాజ్ జంగ్ చొరవతో ఇక్కడ క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. అదే. బోరంచ నుంచి బయల్దేరే మీకు దారి అక్కడికే ఎక్కువ. ఆరోగ్యశ్రీలో రేడియేషన్ ఉంది కాబట్టి కార్డు, ఆపరేషన్ కాగితాలు, బయాప్సీ రిపోర్టు ఒకే ఫైలులో పెట్టుకోండి.

ఇక మీ భయం సంగతి. గడ్డ తీశాక కూడా కంటికి కనబడని కణాలు కొన్ని మిగిలి ఉండవచ్చు. రేడియేషన్ వాటి కోసం. రొమ్మును ఉంచి గడ్డ మాత్రమే తీసినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం దీనివల్ల దాదాపు సగానికి తగ్గుతుంది. మొదటి రోజే కిరణాలు పెట్టరు. ముందు సీటీ తీసి, ఎక్కడ ఎంత ఇవ్వాలో లెక్క వేస్తారు. చర్మం మీద చిన్న చుక్కలు పెడతారు, వాటిని రుద్ది చెరపొద్దు. చేయి తలపైకి ఎత్తి పడుకోవాలి. ఆపరేషన్ తర్వాత భుజం వ్యాయామాలు మానేసినవాళ్లకు ఇక్కడే కష్టమవుతుంది, కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. ఎడమ రొమ్ము అయితే గుండెకు కిరణాలు తగలకుండా ఊపిరి బిగబట్టమంటారు. షాక్ కొట్టదు, నొప్పి ఉండదు. బయటి యంత్రంతో ఇచ్చే కిరణాలు మీ ఒంట్లో నిలవ ఉండవు. ఇంటికొచ్చి మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

కొద్ది రోజులకు చర్మం కందుతుంది, నీరసం వస్తుంది. పసుపు, కొబ్బరినూనె ఏదీ డాక్టర్‌ను అడగకుండా రాయకండి. వదులుగా ఉండే నూలు జాకెట్లు వేసుకోండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా వరుసగా సాగాల్సిన చికిత్స ఇది, మధ్యలో రోజులు పోకూడదు. అందుకే బయల్దేరే ముందే బస చూసుకోండి. బంధువుల ఇల్లు లేకపోతే, ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌ను అడగండి.

ముత్తులక్ష్మి రెడ్డి 1968 జూలైలో కన్నుమూశారు. అప్పటికి పధ్నాలుగేళ్లుగా రోగులు ఆడయార్ గేటు దాటి లోపలికి వస్తూనే ఉన్నారు, వారిలో చాలామంది చికిత్స ముగించుకుని ఇంటికి వెళ్లారు.