రాళ్ల వయసు లెక్కగట్టిన బీర్బల్ సాహ్ని



నవంబర్ 14 వస్తే మన పిల్లలంతా కోటుకు గులాబీ పెట్టుకుని నెహ్రూలై వచ్చేస్తారు. అదే తేదీన పుట్టిన మరొకరిని ఈ నెల మీకు పరిచయం చేస్తాను. పేరు బీర్బల్ సాహ్ని. అక్బర్ బీర్బల్ కాదండీ, మా ఏడో తరగతి పిల్లలు కూడా ముందు అదే అడిగారు! ఈయన 1891లో జీలం నది ఒడ్డున ఉన్న భేరా అనే ఊళ్లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది.

తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోర్ కాలేజీలో కెమిస్ట్రీ మాస్టారు. సెలవులొస్తే పిల్లల్ని హిమాలయాల్లో నడిపించేవారు. అంత సైన్స్ ప్రేమ ఉన్న ఆయన కూడా కొడుకు ఐసీఎస్ ఆఫీసరు కావాలనే కోరుకున్నారట. మనకు ఐఐటీ ఎలాగో ఆ రోజుల్లో ఐసీఎస్ అలాగ. కొడుకు మాత్రం మొక్కలే చదువుతానన్నాడు. తండ్రి అడ్డుపడలేదు. 1911లో బీర్బల్ కేంబ్రిడ్జికి వెళ్లి, ప్రొఫెసర్ సీవార్డ్ దగ్గర శిలాజ వృక్షాల మీద పరిశోధన మొదలుపెట్టారు.

ఆయన తొలి పత్రాల్లో ఒకటి 1915లో వచ్చింది. అందులోని విషయం చిన్నదే కానీ దయచేసి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం. గింకో అనే చెట్టు బీజాండాల్లోపల ఆయనకు పుప్పొడి రేణువులు కనిపించాయి. తీరా చూస్తే అవి గింకోవి కావు, వేరే చెట్టువి. గాలికి ఎగిరొచ్చి లోపల చేరాయి. అంటే ఒక శిలాజ గింజలో పుప్పొడి దొరికినంత మాత్రాన అది ఆ చెట్టుదేనని నమ్మకూడదని ఆ కుర్రాడు పెద్దలందరినీ హెచ్చరించాడన్నమాట.

పుప్పొడికి అంత ప్రాముఖ్యం ఎందుకు? చెరువు అడుగున ఏటేటా మట్టి పేరుకుంటుంది. చుట్టుపక్కల చెట్ల ఆకులు, గింజలు, పుప్పొడి అందులో పడి కప్పబడిపోతాయి. పుప్పొడి పైపొర చాలా గట్టిది, లక్షల ఏళ్లయినా చెడదు. ఏ పొరలో ఏ చెట్టు ఆనవాళ్లున్నాయో చూస్తే అప్పటి అడవి, వాన, చలి తెలుస్తాయి. ఏ మొక్కలు ఏ యుగంలో ఉండేవో ముందే తెలిస్తే ఆ పొర వయసూ అంచనా వేయవచ్చు. సాహ్ని కాలంలో మొక్కలు చదివేవారికి ముఖ్యమైన గడియారం అదే.

1919లో తిరిగొచ్చి, 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో మొదటి బోటనీ ప్రొఫెసర్ అయ్యారు. రెండు చేతులతో ఒకేసారి బోర్డు మీద బొమ్మలు వేసేవారని ఆయన శిష్యులు చెప్పుకునేవారు. (నేను ఖాళీ పీరియడ్‌లో ప్రయత్నించాను. రెండూ పాడయ్యాయి.) 1936లో ఇంగ్లండ్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

ఆయన పనుల్లో నాకు బాగా నచ్చింది కాశ్మీర్‌ది. అక్కడ కుంకుమపువ్వు పండే మెట్ట నేలల్ని కరేవాలంటారు. అవి ఒకప్పటి పెద్ద సరస్సు అడుగున పేరుకున్న మట్టి. అలాంటి మట్టే పీర్ పంజాల్ కొండల మీద పదివేల అడుగులకు పైన కూడా ఉంది. అందులో సింగాడా కాయలు దొరికాయి. సింగాడా నిలవ నీటిలో పెరిగే మొక్క. ఈనాడు అది కాశ్మీర్‌లో అంతకు సగం ఎత్తులో, లోయలోని సరస్సుల్లో పెరుగుతుంది. మరి అంత పైకి ఎలా చేరింది? మొక్క కొండెక్కలేదు, సరస్సు అడుగే కొండతో పాటు పైకి లేచిందన్నారు సాహ్ని. అదీ మనిషి భూమ్మీద తిరుగుతున్న కాలంలోనే అని 1936లో రాశారు. ఆ పొరల్లో ఓక్ ఆకులు కూడా ఉన్నాయి, ఇప్పుడు లోయలో ఓక్ అడవి లేదు. కొండలు లేచి రుతుపవనాలకు అడ్డుపడ్డాక అడవి మారిపోయిందని తర్వాత ఆ ఆకుల్ని చదివినవారు వివరించారు.

దక్కన్ లావా రాళ్ల వయసు మీద కూడా ఆయనకు పెద్ద వాదమే నడిచింది. అవి డైనోసార్ల కాలానివని భూగర్భ శాస్త్రవేత్తలు, ఆ తర్వాతి యుగానివని సాహ్ని. లావా పొరల మధ్య చిక్కుకున్న తాటిజాతి చెట్ల శిలాజాలు ఆయన సాక్ష్యం. మన రాజమండ్రి దగ్గర కాతేరులోనూ అలాంటి పొరలున్నాయి, అక్కడి నీటి మొక్కల శిలాజాలూ ఈ చర్చలోకి వచ్చాయి. ఇప్పుడు ఆ లావా వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లని తేలింది. సరిగ్గా రెండు యుగాల సరిహద్దు! ఇరుపక్షాలకూ చెరి సగం మార్కులు వేయొచ్చు.

ఉప్పు విషయంలో అలా కాలేదు. పింక్ సాల్ట్ పేరుతో అమ్మే ఉప్పు ఖేవ్రా గనులది. ఆయన పుట్టిన భేరాకు అవి దూరం కాదు. ఆ ఉప్పు వయసు మీద ఏళ్ల తరబడి తగవు ఉంది. 1944లో సాహ్ని ఆ ఉప్పును కరిగించి వడకట్టి చూస్తే సూక్ష్మమైన చెక్క ముక్కలు, పురుగుల అవశేషాలు కనిపించాయి. 50 కోట్ల ఏళ్ల కిందట భూమ్మీద చెట్లే లేవు కాబట్టి ఈ ఉప్పు చాలా కొత్తదని ప్రకటించారు. బయటి నుంచి చేరిన చెత్త అయి ఉంటుందని కొందరన్నారు. తను జాగ్రత్తలన్నీ తీసుకున్నానని ఆయన గట్టిగా నిలబడ్డారు. కానీ ఆ ఉప్పు 50 కోట్ల ఏళ్లకు పైబడినదేనని తర్వాత రుజువైంది. గింకోలో పరాయి పుప్పొడిని పట్టుకున్న మనిషే పరాయి చెక్క ముక్కల దగ్గర పొరబడ్డారు. పిల్లలకు ఈ భాగం చెప్పకుండా దాటేద్దామా అని ఆలోచించాను. చెప్పేశాను. ఆ రోజు చేతులెత్తినంతమంది ఎప్పుడూ ఎత్తలేదు.

శిలాజాల కోసం ఒక సంస్థ పెట్టాలన్నది ఆయన కల. సొంత డబ్బు, పుస్తకాలు, జీవితమంతా ఏరిన శిలాజాలు, అన్నీ దానికే ఇచ్చేశారు. 1949 ఏప్రిల్ 3న నెహ్రూ శంకుస్థాపన చేశారు. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 10న, సాహ్ని గుండెపోటుతో పోయారు. వయసు 57. ఆ ఏడాది చివర్లోనే అమెరికాలో లిబ్బీ బృందం కార్బన్‌తో వయసు లెక్కగట్టే పద్ధతిని రుజువు చేసింది. ఆ గడియారం ఆయన చూడలేదు.

సంస్థ ఆగిపోతుందనే అనుకున్నారు చాలామంది. భార్య సావిత్రి గారు బాధ్యత తీసుకుని భవనం పూర్తి చేయించారు. ఈనాడు అక్కడ సరస్సుల అడుగు మట్టిని పొరపొరగా తీసి, పుప్పొడి లెక్కపెట్టి, కార్బన్‌తో వయసు కడుతున్నారు. ఎప్పుడైనా లక్నో వెళ్తే యూనివర్సిటీ రోడ్డులోని ఆ మ్యూజియం పిల్లలకు చూపించండి. రకరకాల యుగాల శిలాజాలు పొదిగి సాహ్ని స్వయంగా తయారుచేసిన ఆ శంకుస్థాపన రాయి అక్కడే ఉంది.