దాసుగారి పిట్టకథ

హరికథకుడు నవ్వించుట పామరరంజనమే యనియు, శాస్త్రమునకు దూరమనియు తలచువారు నేటికిని కలరు. అట్టివారు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారి జీవితమును చూడవలెను.

1864లో బొబ్బిలి సమీపమున అజ్జాడలో జన్మించిన వీరు, 1883లో విజయనగరమున కుప్పుస్వామి నాయుడుగారి హరికథ విని, తామును గజ్జె కట్టిరి. ధ్రువచరిత్రము వారి తొలి కథ. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు, ఈ అయిదింట అయిదు తాళములు చూపగల లయబ్రహ్మ యని పేరుపొందిరి. అట్టివారికి హాస్యము చిల్లరసరుకు కాదు. కథ బరువెక్కినపుడు పిట్టకథ నందుకొని, పలుకుల వడి పెంచి, ఒకరి నడకను, వేరొకరి గొంతును అనుకరించుట హరికథకుని విద్యలో భాగము. ఆ వడిలో ఒక్క అక్షరము తాళము తప్పెనా, నవ్వు పుట్టదు. సభ బిక్కమొగము వేయును. ఒకరి పాటను వెక్కిరింపవలెనన్నను ముందు ఆ రాగము తనకు వచ్చియుండవలె గదా!

ఒమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతములోనికిని, అచ్చ తెలుగులోనికిని తెచ్చిన పండితులు వీరే. 1919లో విజయనగరమున వెలసిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులును వీరే. 1945 జనవరి 2న దివంగతులైరి.

కోవెల పందిరిలో హరిదాసు పిట్టకథ మొదలిడగనే, తల్లి ఒడిలో జోగుచున్న పిల్లలు లేచి కూర్చుందురు.