ఆటస్థలంలో ఉపాధ్యాయుడు – సయ్యద్ అబ్దుల్ రహీం

క్రీడాకారునికి మైదానం శాశ్వతం కాదు. కాళ్లలో సత్తువ ఉన్నంతకాలమే ప్రేక్షకుల కరతాళధ్వనులు. ఆట విరమించిన పిదప అతడు ఏమి చేశాడన్నదే కొందరి జీవితాలలో అసలు కథ. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం అటువంటిది. ఫుట్‌బాల్ పట్ల మక్కువకు పేరుపొందిన ఉత్తర చెన్నైలో, తిరువొత్తియూరు వంటి చోట చదువుకునే బాలబాలికలు తప్పక తెలుసుకోదగిన జీవితం.

రహీం 1909 ఆగస్టు 17న జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది విద్యార్థుల క్రీడల బాధ్యత వహించారు. విశ్వవిద్యాలయ జట్టులోను, ఖమర్ క్లబ్బులోను ఆడిన మంచి ఆటగాడే అయినా, ఆటగాడిగా ఆయన పేరు హైదరాబాదు దాటలేదు. దేశమంతటా కీర్తి తెచ్చినది శిక్షకత్వమే.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకున్నది. ఆయన పద్ధతి బడిలో పాఠం చెప్పినట్లే ఉండేది. బంతిని ఎక్కువసేపు తనవద్ద ఉంచుకోకుండా వెంటనే సహచరునికి అందించే పోటీలు, అలవాటు లేని కాలితో మాత్రమే తన్నే పోటీలు నిర్వహించేవారు. ఎవరిలో ఏది కొరతో దానినే అభ్యాసంగా మార్చేవారు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారతజట్టు ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 పరాజయం ఎదురైంది. మనవారిలో పలువురు ఆనాడు పాదరక్షలు లేకుండానే ఆడారు. ఆ పరాభవం తరువాత బూట్లు ధరించి ఆడటం తప్పనిసరి అయింది. నాలుగేళ్ల తరువాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టు ఆస్ట్రేలియాను 4–2తో జయించి సెమీఫైనల్ చేరింది. ఆ ఘనత సాధించిన తొలి ఆసియా దేశం మనదే. చివరకు నాలుగవ స్థానం దక్కింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఆయన జీవితంలో పతాకఘట్టం. తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. థాయిలాండ్‌తో ఆడుతూ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనుక వరుసలో ఆడే ఆ వీరుణ్ణి రహీం ముందు వరుసకు మార్చారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ప్రతికూల ప్రేక్షకుల కోలాహలం నడుమ అదే కొరియాపై భారత్ 2–1తో గెలిచింది. పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్ల తలతో ఆడిన జర్నైల్ మరొక గోలు చేశారు.

ఆ విజయం తరువాత ఏడాదైనా గడవకమునుపే, 1963 జూన్ 11న కాన్సర్ వ్యాధితో రహీం కన్నుమూశారు. నాటి నుండి 2023 హాంగ్‌జౌ క్రీడల వరకు ఆసియా ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌కు మళ్లీ దక్కలేదు. ఒక ఉపాధ్యాయుని లోటు ఎంతటిదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఓటమిని శిక్షగా గాక పాఠంగా స్వీకరించడమే ఆయన శిష్యులకు నేర్పిన విద్య. పాఠశాల ఆటస్థలంలో అది నేటికీ నేర్వదగినదే.