తిప్పి పంపిన దస్త్రం

కె.ఆర్. నారాయణన్ పేరు ఎక్కడ ప్రస్తావనకు వచ్చినా తొలి దళిత రాష్ట్రపతి అన్న పరిచయంతోనే ప్రసంగం మొదలై, తరచూ అక్కడే ముగుస్తుంది. ఆ పదవిలో కూర్చుని ఆయన ఏం చేశారన్న ప్రశ్న మరుగున పడిపోతుంది. రాజనీతిశాస్త్రం బోధించే నాకు ఆ ప్రశ్నే ముఖ్యం.

ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆయన 1920లో తిరువాన్కూరు సంస్థానంలోని ఉళవూరులో ఒక నిరుపేద పరవ కుటుంబంలో పుట్టారు. మైళ్ల దూరం నడిచి బడికి వెళ్లారు. ఫీజు కట్టలేని రోజుల్లో తరగతి గది బయట నిలబడి పాఠం విన్నారు. ఆంగ్ల సాహిత్యంలో ప్రథమ శ్రేణి సాధించినా అధ్యాపక పదవి దక్కలేదు. గుమాస్తా కొలువు ఇవ్వజూపితే కాదన్నారు. కొంతకాలం పాత్రికేయుడిగా పనిచేసి, టాటాల ఉపకార వేతనంతో లండన్ వెళ్లి హెరాల్డ్ లాస్కీ వద్ద చదువుకున్నారు. 1949లో విదేశాంగ సేవలో చేరారు. చైనాలోనూ అమెరికాలోనూ రాయబారిగా, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. ఒట్టపాలెం నుంచి మూడుసార్లు లోక్‌సభకు గెలిచారు. 1992లో ఉపరాష్ట్రపతి, 1997 జులైలో సుమారు 95 శాతం ఓట్ల విలువతో రాష్ట్రపతి అయ్యారు.

ఆయన చేతికి వచ్చిన అధికారం ఎంత? రాజ్యాంగం 53వ అధికరణ కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతికే అప్పగిస్తుంది. 74వ అధికరణ ఆ అధికారాన్ని మంత్రిమండలి సలహాకు కట్టేస్తుంది. 1976 నాటి 42వ సవరణ ఆ కట్టును బిగించింది. 1978 నాటి 44వ సవరణ ఒక్క సందు వదిలింది: సలహాను ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు, అదే సలహా మళ్లీ వస్తే సంతకం చేయక తప్పదు. వినడానికి ఇది చిన్న అధికారం. నారాయణన్ దాని నిజమైన విలువను దేశానికి చూపించారు.

1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ సభలో విశ్వాసం పొందినా, రాష్ట్రపతి పాలన విధించాలని గుజ్రాల్ మంత్రివర్గం సిఫార్సు చేసింది. బలాబలాలు తేలవలసింది సభలోనేనని 1994లోనే బొమ్మై తీర్పు చెప్పి ఉంది. నారాయణన్ దస్త్రం తిప్పి పంపారు. మంత్రివర్గం వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో బిహార్‌లో రబ్రీదేవి ప్రభుత్వాన్ని తొలగించాలని వాజపేయి మంత్రివర్గం కోరింది. దాన్నీ తిప్పి పంపారు. కూటములు వేరైనా కొలమానం ఒకటే.

ఆ అధికారపు హద్దు కూడా బిహార్‌లోనే కనబడింది. 1999 తొలినాళ్లలో శంకర్‌బిఘా, నారాయణ్‌పూర్‌లలో రణవీర్ సేన దళితులను ఊచకోత కోసింది. ఆ తరువాత మళ్లీ వచ్చిన సిఫార్సుపై ఆయన సంతకం చేశారు. రాజ్యసభలో బలం లేక కేంద్రమే మార్చిలో దాన్ని ఉపసంహరించుకుంది. దళితుల శవాలు రెండు పక్షాల వాదనలకూ ఆసరా అయ్యాయి. న్యాయం మాత్రం వెనుకబడింది. రాష్ట్రపతి కలం ప్రభుత్వాన్ని ఆపగలదేమో కానీ, ఊరిలో భూస్వామి తుపాకిని ఆపలేదు.

నా దృష్టిలో ఆయన అతి ముఖ్యమైన రాత న్యాయమూర్తుల నియామక దస్త్రం మీద రాసినది. తెలుగు నేల నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి 1997 జులైలో పదవీ విరమణ చేశాక సుప్రీంకోర్టులో దళిత న్యాయమూర్తి లేరు. షెడ్యూల్డు కులాలు, తెగలలో అర్హులు ఉన్నారనీ, వారికి చోటు లేకపోవడం సమర్థనీయం కాదనీ నారాయణన్ రాశారు. ప్రతిభే ప్రమాణమన్న జవాబు న్యాయవ్యవస్థ నుంచి వచ్చింది. 2000 జూన్‌లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ సుప్రీంకోర్టుకు వచ్చారు. 2007లో తొలి దళిత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన 2010లో దిగిపోయాక రెండో దళితుడు ఆ పీఠం ఎక్కడానికి 2025 దాకా పట్టింది. నారాయణన్ లేవనెత్తిన ప్రశ్న ఇంకా ముగియలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

2002 గుజరాత్ మారణకాండ సమయంలో ఆయన ప్రధానికి లేఖలు రాశారు. వాటిని బయటపెట్టాలని కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించినా, 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. రాష్ట్రపతి మాట్లాడగలరు; ఆ మాట ప్రజలకు చేరుతుందన్న హామీ లేదు.

ఆయన 2005 నవంబరులో కన్నుమూశారు. ఆ తరువాత 2017లో మరో దళితుడు, 2022లో ఒక ఆదివాసీ మహిళ రాష్ట్రపతి భవన్‌కు చేరారు. ఆ ప్రాతినిధ్యాన్ని నేను తక్కువ చేయను. శతాబ్దాలు మూసి ఉంచిన తలుపు అది. అయితే తలుపు తెరిచిన పార్టీలు లోపలికి వెళ్లినవారి నుంచి కృతజ్ఞతతో కూడిన మౌనాన్ని ఆశిస్తాయి. నారాయణన్ ఆ బాకీ తీర్చలేదు. తనను ఎన్నుకున్న పక్షాలకూ, వారి ప్రత్యర్థులకూ ఒకే ప్రశ్న వేశారు: ఈ పని ఎందుకు చేస్తున్నారో కారణం చెప్పండి.

అణగారిన కులాల నుంచి ఒకరు పెద్ద పదవికి ఎంపికైనప్పుడు మన విద్యార్థులు చప్పట్లు కొట్టాలి. మరునాటి నుంచి వారి బల్ల మీది దస్త్రాలను గమనించాలి. వేటి మీద సంతకం పడింది, ఏది వెనక్కి వెళ్లింది అన్న లెక్కే ఆ పదవి ఎవరి కోసం పనిచేసిందో చెబుతుంది.