మహాదేవ గోవింద రానడే

సంతలో పరదేశపు గుడ్డ చౌకగా దొరకినచో కొనువానికి లాభమే. కాని దానివలన మగ్గము మూలబడిన నేతగాని గతి యేమి? ఈ ప్రశ్నను దేశము ముందుంచిన పెద్దలలో మహాదేవ గోవింద రానడేగారు ముఖ్యులు.

వారు 1842 జనవరి 18వ తేదీన నాసిక్ జిల్లాలోని నిఫాడ్‌లో జన్మించిరి. కొల్హాపురములోను, బొంబాయిలోను చదివి, 1862లో బొంబాయి విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రులలో ఒకరైరి. 1871లో పూనాలో సబుజడ్జీగా చేరి, అచటి సార్వజనిక సభకు పట్టుకొమ్మయై రైతుల స్థితిగతులను విచారించిరి. ప్రభుత్వోద్యోగి ప్రజల పక్షమున ఆలోచించుట దొరలకు అనుమానము కలిగించెను. 1878లో నాసిక్‌నకును, మరుసటి యేట ధూలియాకును వారిని బదిలీ చేసిరి. రానడేగారు ఉద్యోగమును విడువలేదు, ప్రజాసేవను మానలేదు.

ఆ కాలమున ఇంగ్లండు పండితులు స్వేచ్ఛా వాణిజ్యమునే బోధించుచుండిరి. ప్రతి దేశమును తనకు చౌకగా తయారగు సరకునే తయారుచేసి, తక్కినవి సుంకము లేకుండ కొనుట అందరికిని మేలని వారి వాదము. 1882లో భారతప్రభుత్వము దిగుమతి సుంకములను దాదాపు అన్నిటిని ఎత్తివేసెను. లాంకషైరు మిల్లు బట్టలకు అడ్డు తొలగెను.

1892లో పూనా దక్కను కళాశాలలో చేసిన ఉపన్యాసమున రానడేగారు ఈ వాదమును పరీక్షించిరి. అర్థశాస్త్ర సూత్రములు అన్ని దేశములకు, అన్ని కాలములకు ఒకే తీరున వర్తింపవని తేల్చిరి. ఇందులో జర్మను పండితుడు ఫ్రెడరిక్ లిస్టు 1841లో ప్రకటించిన గ్రంథము వారికి తోడ్పడెను. లేతమొక్కకు కంచె కావలెను, చెట్టు ఎదిగిన పిదప అక్కరలేదు. కొత్త పరిశ్రమకు రక్షణయు అట్టిదేయని లిస్టు మతము. చేతివృత్తులు చెడినవారందరు నాగలి పట్టగా భూమిపై భారము హెచ్చి, పల్లెలు క్షామమునకు తట్టుకొనలేకున్నవని రానడేగారు చూపిరి.

రక్షణ సుంకము వేసినచో సరకు వెల పెరుగును, ఆ భారము కొను రైతుపైనను పడును. ఎదుటిపక్షము వాదములో ఈ సత్యము లేకపోలేదు. రానడేగారును సుంకమొక్కటే మందని ఎంచలేదు. తక్కువ వడ్డీకి అప్పు, పారిశ్రామిక విద్య, కొత్త పరిశ్రమలకు ప్రభుత్వ సహాయము కావలెనని వాదించిరి. 1890లో పూనాలో పారిశ్రామిక సభను జరిపించిరి.

1893లో వారు బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులైరి. 1894లో ఖజానా లోటు వలన ప్రభుత్వము దిగుమతి సుంకములను మరల విధించెను. 1896లో విదేశపు బట్టపై నూటికి మూడున్నర సుంకము నిర్ణయించి, మన మిల్లు బట్టపైనను అంతే పన్ను వేసెను. స్వదేశపు మిల్లులకు రక్షణ కలుగకూడదనుటయే దాని ఉద్దేశము. ఆ పన్ను 1926లో గాని రద్దు కాలేదు. అది చూడకయే రానడేగారు 1901 జనవరి 16న పరమపదించిరి.

వారి శిష్యులు గోపాలకృష్ణ గోఖలేగారు ఈ వాదమును శాసనసభకు కొనిపోయిరి. 1924లో ఉక్కు పరిశ్రమకు రక్షణ లభించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప సుంకములు మిక్కిలి పెరిగెను, 1991 తరువాత తగ్గెను. వాదము మాత్రము ముగియలేదు. సుంకమును పెంచునపుడును, దించునపుడును ఎవరి మగ్గము ఆడునో, ఎవరి మగ్గము ఆగునో ముందు విచారింపవలెనను బుద్ధిని రానడేగారి జీవితమునుండి మన పాఠకులు గ్రహింపవచ్చును.